తెల్ల పాకెట్లు, పెట్టెల కొట్టు

ఆ ఎండాకాలం మా ఇంట్లో కందిపప్పు దగ్గర్నుంచి బట్టల సబ్బు దాకా అన్నీ పరీక్షలు రాశాయి. ప్రశ్నపత్రం తయారుచేసింది మా ఆయన, మార్కులు వేసింది మా ఆయన. బెత్తం దెబ్బలు మాత్రం నాకు.

అసలు తప్పంతా ఫర్నేసుది. మా ఆయన పనిచేసే గాజు ఫ్యాక్టరీలో గాజు కరిగించే ఫర్నేసు లోపల బీటలు వారిందని ఎండలు మొదలవుతూనే ఆర్పేశారు. బాగుచేసి మళ్లీ వెలిగిస్తామన్నారు. వెలిగించకపోవచ్చు అని కూడా అన్నారు. అప్పటిదాకా సగం జీతం, పూర్తి విశ్రాంతి. ఆయన పని లైను మీద చెకింగ్. సీసాలు వరసగా వస్తుంటే వెనకాల దీపం పెట్టుకుని, ఒక్కోదాన్ని మెడ పట్టుకుని తిప్పి, బుడగుందా, బీటుందా, అడుగు వంకరగా ఉందా అని చూసి, బాగోలేనిదాన్ని పక్కన పారేయడం. పెళ్లయిన దగ్గర్నుంచీ నేనెరిగిన ఆయన పని అదొక్కటే. అలాంటి మనిషిని తీసుకొచ్చి ఇంట్లో కూర్చోబెడితే ఆ కళ్లు ఊరికే ఉంటాయా? మొదట గోడల్లో బీటలు చూశాడు. తర్వాత నా వంటలో చూశాడు. ఆఖరికి కిరాణా సామాన్ల మీద పడ్డాడు.

నేనప్పుడు మెయిన్ రోడ్డు మీది పెద్ద సూపర్ మార్కెట్లో బిల్లు కౌంటర్లో ఉండేదాన్ని. టెంపరరీ. ఎండాకాలం అయ్యాక కౌంటర్ వాళ్లలో ఇద్దరిని పర్మనెంట్ చేస్తామని చెప్పారు. ఫర్నేసు వెలగకపోతే మా ముగ్గురికీ, అంటే మా ఆయనకీ నాకూ అత్తయ్యకీ, ఇక నా ఉద్యోగమే దిక్కు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. ముగ్గురం దాని గురించి తప్ప మిగతా అన్నిటి గురించీ మాట్లాడుకునేవాళ్లం.

మా కొట్టులో పేరున్న కంపెనీల సరుకుతో పాటు కొట్టువాళ్ల సొంత సరుకు కూడా ఉండేది. తెల్ల పాకెట్టు. దాని మీద నల్ల అక్షరాలతో పప్పు అనో ఉప్పు అనో రాసి ఉండటం తప్ప బొమ్మ లేదు, సింగారం లేదు. వంగితే తప్ప కనపడని అడుగు అరలో పెట్టేవాళ్లు. ధర తక్కువ కదా, సులువుగా దొరికితే వాళ్లకేం లాభం? ఇక బస్టాండు వెనకాల కొత్తగా ఇంకో కొట్టు తెరిచారు. అక్కడ అరలూ అలంకారాలూ లేవు. అట్టపెట్టెల మూతలు చింపి వరసగా పేర్చేస్తారు, ఏ సరుకైనా ఒక్కటే రకం. సంచీ మనదే, సర్దుకునేదీ మనమే, నెమ్మదిగా సర్దితే వెనకవాళ్లు మోచేత్తో పొడుస్తారు. మేం దాన్ని పెట్టెల కొట్టు అనేవాళ్లం. అక్కడా చవకే.

అయితే ఏది ఎక్కువ చవక? ఈ ప్రశ్న మా ఆయన బుర్రలో ఎప్పుడు దూరిందో తెలియదు గానీ, ఒకరోజు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి భోజనాల బల్ల మీద గిన్నె పెట్టడానికి చోటు లేదు. అటు తెల్ల పాకెట్లు, ఇటు పెట్టెల కొట్టు పాకెట్లు. మధ్యలో టేబుల్ లైటు. ఆయన గుప్పెడు పప్పు తీసి దీపం ముందు చేతిలో కదుపుతున్నాడు.

“ఏంటండీ ఇదంతా?” అన్నాను.

“రోజూ ఇన్ని పాకెట్లు బీప్ బీప్‌మనిపించి పంపేస్తావు కదా. లోపల ఏముందో ఎప్పుడైనా చూశావా?”

“చూస్తూ కూర్చుంటే వెనకున్న లైను నన్ను మింగేస్తుంది.”

“అదే మరి. ఎవరూ చూడరు. ఇది చూడు, మీ కొట్టుది. నూక ఎంతుందో. ఇదేమో పెట్టెల కొట్టుది. నూక తక్కువే గానీ పొట్టుంది. ఇలా ఒక్కరోజు చూస్తే తేలదు. ఒక వారం అన్నీ అక్కడివే వాడాలి. తర్వాతి వారం అన్నీ మీవే. రుచి, తూకం, ధర, అన్నీ చూడాలి. ఈ ఎండాకాలం అయ్యేలోపు తేలిపోవాలి.”

“తేలితే ఏమవుతుంది?”

ఆయన నన్ను జాలిగా చూశాడు. “తేలుతుంది,” అన్నాడు.

వంటింటి గుమ్మంలోంచి అత్తయ్య అంది, “ఏది తేలినా వండాల్సింది మేమే కదరా!”

అలా మొదలైంది. పెట్టెల కొట్టు వారం వచ్చిందంటే ఎర్రటి ఎండలో బస్టాండు దాకా నడవాలి. బస్సెక్కితే ఆ ఖర్చు పప్పు ఖాతాలో పడుతుందట. తెల్ల పాకెట్ల వారం వచ్చిందంటే నాకు ఇంట్లో కూడా డ్యూటీయే. “మీ టీపొడి రంగు దిగుతోంది గానీ రుచి దిగట్లేదు,” అంటాడు, నేనేదో ఆ టీ తోటకి యజమానురాలినైనట్టు. “మీ సబ్బు సగానికే నీరుగారిపోయింది,” అంటాడు. మా కొట్టులో ఏ వస్తువు బాగోకపోయినా అది నా పెంపకమే. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. మేమిద్దరం చేతులు ఆపి తీర్పు కోసం ఎదురుచూడాలి. ఎంత ఆకలేసినా తీర్పు రాకుండా రెండో ముద్ద లేదు.

ఆ పెట్టెల కొట్టులో ఇంకో మాయ ఉంది. తిండి సామాన్లకీ బిల్లు కౌంటర్‌కీ నడుమ ఒక వరస నిండా వారానికో రకం వింత వస్తువులు పెడతారు. ఈ వారం ఉంటాయి, వచ్చే వారం ఉండవు. ఒకరోజు పప్పు కోసం వెళ్లిన మా ఆయన నిచ్చెన తెచ్చాడు. మడత నిచ్చెన. మా ఇంట్లో చెయ్యెత్తితే పైకప్పు తగులుతుంది.

“ఎందుకండీ ఇది?”

“బయట దీని ధరెంతో తెలుసా నీకు? సగానికి సగం మిగిలింది.”

“కొనకపోతే మొత్తం మిగిలేది కదండీ!”

“దేనికైనా పనికొస్తుందిలే,” అన్నాడు. పప్పు తేవడం మర్చిపోయాడు. మళ్లీ వెళ్లాడు.

నేను ఎంత విసుక్కున్నా ఊళ్లో మా ఆయనకి మాత్రం గిరాకీ పెరిగింది. మొదట వచ్చింది పక్కింట్లో కుట్టుమిషనావిడ. “అన్నయ్యగారూ, నూనె ఎక్కడిది కొనమంటారు?” అని గుమ్మంలో నిలబడి అడిగింది. ఆయన దీపం వెలిగించి, రెండు పాకెట్లూ పట్టుకుని, పావుగంట సేపు చెప్పాడు. ఆవిడ వెళ్లి ఇద్దరిని తీసుకొచ్చింది. వాళ్లు వెళ్లి ఇంకొందరిని పంపించారు. నేను అలిసిపోయి ఇంటికొచ్చేసరికి నా కుర్చీలో ఎవరో ఒకావిడ కూర్చుని మా కొట్టు సబ్బుని తిడుతూ ఉండేది. నాకు ఒళ్లు మండిపోయేది. అయితే ఒక్కటి ఒప్పుకోవాలి. వాళ్లకి చెబుతున్నప్పుడు ఆయన నడుం నిటారుగా ఉండేది. ఫర్నేసు ఆర్పేసిన దగ్గర్నుంచీ నేను దాన్ని అలా చూడలేదు. అందుకే తిట్టాల్సినంత తిట్టలేకపోయాను, ఆ తిట్టలేకపోవడం ఇంకా చిరాకు.

అంతటితో ఆగినా బాగుండేది. ఇంట్లో పరీక్ష చాలదని మా కొట్టుకే రావడం మొదలుపెట్టాడు. అడుగు అర ముందు గొంతుకూర్చుని, ఒక్కో పాకెట్టూ తీసి ట్యూబ్‌లైటుకేసి ఎత్తి తిప్పుతాడు. “అమ్మా, అది కేజీ అనుకుంటున్నారేమో, తొమ్మిది వందల గ్రాములే. వెనక చూడండి,” అని పక్కనున్న వాళ్లకి చెబుతాడు. అడగనివాళ్లకి కూడా. నేను కౌంటర్లోంచి చూసి చూడనట్టు తల దించుకునేదాన్ని.

“రండి, వద్దనను,” అని ఇంట్లో చెప్పాను. “కానీ నా కౌంటర్‌కి రాకండి. నన్ను పలకరించకండి. అక్కడ నాకు మీరెవరో తెలియదు.”

“సరే,” అన్నాడు. ఆ ఒక్క మాట మాత్రం అక్షరాలా పాటించాడు.

మా ఫ్లోర్ మేనేజర్‌ని మేం టై సార్ అనేవాళ్లం. ఆ ఎండల్లో కూడా టై విప్పని మనిషి. ఒకరోజు పొద్దున్నే కౌంటర్ వాళ్లందరినీ గోదాములో నిలబెట్టాడు.

“ఒకాయన రోజూ వస్తున్నాడు. పాకెట్లు లైటుకేసి చూస్తాడు, రేట్లు రాసుకుంటాడు, కస్టమర్లకి లెక్చర్లిస్తాడు. పెట్టెల కొట్టు వాళ్లు పంపిన మనిషే, సందేహం లేదు,” అన్నాడు. “అది సరే. పంచదార రేటు సోమవారం తగ్గుతుందని మనం ఎవరికీ చెప్పలేదు. శనివారం ఒక్కడంటే ఒక్కడు పంచదార ముట్టుకోలేదు. సోమవారం పొద్దున్న తలుపు తీసేసరికి వీధి వీధంతా వచ్చి నిలబడింది. లోపలి మనిషి చెప్పకుండా అది ఎలా జరుగుతుంది? ఎవరో తెలిస్తే పర్మనెంట్ మాట దేవుడెరుగు, ఆ రోజే ఇంటికి పంపిస్తా.”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి నిజంగానే భుజం మీదికి పోయింది. టీ తాగుతూ ఇంట్లో పంచదార మాట అన్నది నేనే. వీధంతా టముకు వేసింది మా ఆయన. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లే దారంతా ఆయనతో పెట్టుకోవాల్సిన పోట్లాట మనసులో సర్దుకుంటూ నడిచాను.

ఇంట్లో అడుగుపెడితే అక్కడ అప్పటికే ఇంకో పోట్లాట నడుస్తోంది. అత్తయ్య బియ్యం డబ్బా ముందు నిలబడి ఉంది. ఆవిడ చేతిలో పెట్టెల కొట్టు బియ్యం సంచీ, సగం ఖాళీగా. డబ్బాలో ఉన్నవి తెల్ల పాకెట్ల బియ్యం. మా ఆయన తల పట్టుకుని కింద కూర్చుని ఉన్నాడు.

“అమ్మా, రెండూ కలిపేశావా?”

“కలపక? డబ్బా అడుగు కనిపిస్తోంటే పోశాను.”

“ఈ ఒక్కసారేనా?”

“ఒక్కసారేంట్రా? ఎప్పుడూ అంతే కదా. బియ్యమైనా, పప్పైనా, టీపొడైనా, అడుగంటకముందే కొత్తది పొయ్యాలి. ఖాళీ డబ్బా చప్పుడు వింటే నాకు నిద్ర పట్టదు.”

“అంటే... ఇన్ని వారాలూ... నేను తిన్నది ఏ కొట్టుదమ్మా?”

“అన్నం తిన్నావురా,” అంది అత్తయ్య.

నాకు నవ్వాగలేదు. ఇన్నాళ్లూ కళ్లు మూసుకుని చెప్పిన తీర్పులన్నీ కలగాపులగం బియ్యం మీద చెప్పినవే. ‘ఈ ఉడుకులోనే తెలిసిపోతోంది, ఇది పెట్టెల కొట్టుదే’ అని ఎంత ధీమాగా అన్నాడో! ఆయన మాత్రం నవ్వలేదు. లేచి, చేతులు దులుపుకున్నాడు.

“సరే. డబ్బాలన్నీ కడిగేద్దాం. మళ్లీ మొదట్నుంచి మొదలుపెడదాం.”

అప్పుడు తెగింది నా ఓపిక.

“ఏంటి మొదలుపెట్టేది? మీ పప్పు పరీక్షలకి నా ఉద్యోగం పోయేలా ఉంది! మిమ్మల్ని పెట్టెల కొట్టు మనిషంటున్నాడు మా సార్. మీరెవరో తెలిస్తే నన్ను ఇంటికి పంపిస్తాడట. అప్పుడు ఏ కొట్టు చవకైతే మనకేంటి? ఏ కొట్టులో కొంటాం? ఆ ఫర్నేసు వెలుగుతుందో లేదో మీకు తెలుసా? నాకు తెలుసా? నాకు భయంగా ఉందండీ. రోజూ భయపడుతూ పోతున్నాను, రోజూ భయపడుతూ వస్తున్నాను. మీరేమో నూక లెక్కపెడుతున్నారు!”

ఫర్నేసు పేరు పైకి అనడం ఆ ఇంట్లో అదే మొదలు. అత్తయ్య సంచీ మూతి మడత పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఆయన బల్ల మీది దీపం ఆర్పి, పాకెట్లన్నీ ఒక పక్కకి నెట్టాడు.

“ఇక మీ కొట్టుకి రాను,” అన్నాడు.

రాలేదు కూడా. కొన్నాళ్లు ప్రాణం హాయిగా ఉంది. ఎండలు తగ్గుముఖం పట్టాయి. పర్మనెంట్ వాళ్ల పేర్లు వారంలో చెబుతామన్నారు. నా పేరుందని గోదాము వాళ్లు చెవిలో వేశారు.

ఒక మధ్యాహ్నం బయట మబ్బు కమ్మి కొట్టులో లైట్లన్నీ వేశారు. జనం లేరు. అద్దాల తలుపు తోసుకుని కుట్టుమిషనావిడ వచ్చింది, వెంట ఇంకో ఇద్దరు. వాళ్ల మధ్యలో మా ఆయన! ఆయన దూరం నుంచే నాకు రెండు చేతులూ చూపించాడు, నా తప్పేం లేదు, వీళ్లే లాక్కొచ్చారు అన్నట్టు. కొత్త సబ్బులు వచ్చాయట, అన్నయ్యగారు చూస్తే గానీ కొనరట. అడిగితే కాదనలేడు ఆ మనిషి. అదే ఆయన రోగం.

సబ్బుల దగ్గరే పట్టుకున్నారు. టై సార్ ముందూ గార్డు వెనకా నడుస్తూ ఆయన్ని కౌంటర్ల దాకా తీసుకొచ్చారు.

“చూడండి, చాలాసార్లు చూశాం మిమ్మల్ని. అసలు మీరు ఏ కొట్టు మనిషి?” అన్నాడు టై సార్.

“నేను ఏ కొట్టు మనిషినీ కాదండీ. గాజు ఫ్యాక్టరీ మనిషిని.”

“అది మూసేశారుగా?”

“మూయలేదండీ. ఆర్పారు.”

టై సార్‌కి ఆ తేడా అర్థం కాలేదు. “మా స్టాఫ్‌లో మీ వాళ్లెవరైనా ఉన్నారా? ఉంటే ఇప్పుడే చెప్పండి.”

ఆయన కౌంటర్ల వరస ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. ఒక్కొక్కరినీ చూశాడు. నా దగ్గరికొచ్చాక కూడా ఆ చూపు ఆగలేదు.

“ఎవరూ లేరండీ.”

కుట్టుమిషనావిడ నోరు తెరిచింది. నేను చూసిన చూపుకి మూసేసింది.

“అయితే చేతిలోవి బిల్లు చేయించుకుని వెళ్లండి. మళ్లీ రాకండి.”

ఖాళీగా ఉన్నది నా కౌంటరే. ఆయన వచ్చి ఒక పప్పు పాకెట్టూ, ఒక సబ్బూ నా ముందు పెట్టాడు.

“సంచీ కావాలాండీ?” అన్నాను. ఎవరినైనా అడగాలి, అది రూలు.

“వద్దండీ, తెచ్చుకున్నాను.” జేబులోంచి మా ఇంటి సంచీ తీశాడు. అత్తయ్య పాత చీర చించి కుట్టిన సంచీ. “ఎంతయిందండీ?”

చెప్పాను. డబ్బులిచ్చాడు. చిల్లరిచ్చాను.

“థ్యాంక్సండీ,” అన్నాడు.

ఆ ఎండాకాలం అంతా నేను కోరుకున్నది అదే. ఆయన గొడవ చెయ్యకుండా, ఎవరికీ ఏమీ చెప్పకుండా, తన మానాన తను వెళ్లిపోవాలని. వెళ్లిపోతున్నాడు. నడుం వంగి ఉంది. గార్డు తలుపు దాకా వెంట నడుస్తున్నాడు. ఇక వారం ఓపిక పడితే నా పేరు వస్తుంది. ఇంట్లో ముగ్గురం ఊపిరి పీల్చుకోవచ్చు. అన్నీ తెలుసు నాకు. తెలిసే, పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను. టై సార్ మీద కోపం, ఫర్నేసు మీద కోపం, అన్నిటికన్నా ఆ ‘అండీ’ మీద కోపం. ఎంత బాగా అన్నాడు! నిజంగానే ఎవరో పరాయివాడు అన్నట్టు అన్నాడు.

ఆయన తలుపు మీద చెయ్యి వేశాడు.

“ఇదిగో!” అని అరిచాను. “ఇంటికెళ్లగానే పెరట్లో బట్టలు తియ్యండి. వానొచ్చేలా ఉంది. అత్తయ్యకి మబ్బేసిందని కూడా తెలియదు!”

ఆయన వెనక్కి తిరిగి నన్ను చూసినట్టు ఏ చెడిపోయిన సీసానీ చూసి ఉండడు. “సరే,” అని మాత్రం అని బయటికి వెళ్లాడు.

టై సార్ నా కౌంటర్ దగ్గరికొచ్చాడు. “మీ ఆయనా?”

“అవును సార్. పంచదార మాట ఇంట్లో అన్నది కూడా నేనే. ఆయన్ని ఎవరూ పంపలేదు సార్. సీసాలు చూసే మనిషి. చూడ్డానికి సీసాలు లేవు, అందుకని పాకెట్లు చూస్తున్నారు.”

“సాయంత్రం వెళ్లేముందు నా రూముకి రండి,” అన్నాడు. వెళ్లాను. తిట్టాడు. వారం ఆగి పేర్లు చెప్పినప్పుడు ఆ ఇద్దరిలో నేను లేను. ఉద్యోగంలోంచి మాత్రం తియ్యలేదు, నా అంత వేగంగా బిల్లు కొట్టేవాళ్లు దొరకాలి కదా. మరుసటేడు కూడా టెంపరరీగానే ఉన్నాను. ఫర్నేసు వానాకాలంలో వెలిగింది. సగం మందినే వెనక్కి పిలిచారు, ఆయన పేరు ఆ సగంలో లేదు. ఎలాగో నెట్టుకొచ్చాం. ఇంతకీ ఏ కొట్టు చవక అంటారా? పప్పు, నూనె పెట్టెల కొట్టులో కొనండి, ఉప్పూ పంచదారా తెల్ల పాకెట్లు కొనండి, నిచ్చెన ఎక్కడా కొనకండి.

ఇవేవీ ఆ సాయంత్రానికి నాకు తెలియవు. టై సార్ గదిలోంచి బయటపడేసరికి వాన కురుస్తోంది. వీధి మలుపులో మా ఆయన గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను దగ్గరికి రాకముందే మొదలుపెట్టాడు.

“బుద్ధుందా నీకు? ఎవరూ లేరని చెప్పేశాను కదా! అంతా సర్దేశాను కదా! నోరు మూసుకుని కూర్చుంటే ఏం పోయేది?”

“బట్టలు తీశారా?”

“తీశాను. బట్టల సంగతి కాదు. ఉద్యోగం పోతే ఏం చేస్తాం? నీకే కదా రోజూ భయం వేసేది?”

“పోతే ఇంకోటి వెతుక్కుంటాను,” అన్నాను. “నన్ను అండీ అనే మొగుడితో మాత్రం నా వల్ల కాదు.”

ఆయన వానలో నిలబడి నా మొహం కేసి చూశాడు, ఏ లోపమూ వెతక్కుండా.

“సరే, నడువు ముందు,” అన్నాడు. “తడుస్తున్నావు.”